ప్రెస్పా సరస్సు చుట్టూ

గ్రీసులోని ఫ్లోరినా నుంచి కొండదారి పట్టి ప్సరాదెస్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పెద్ద ప్రెస్పా సరస్సు ఒడ్డున చిన్న జాలరి ఊరది. వీధుల్లో మన పుంగనూరు ఆవుల్లాంటి పొట్టి ఆవులు తిరుగుతుంటాయి. సరస్సు మూడు దేశాలది. గ్రీసు, ఉత్తర మాసిడోనియా, అల్బేనియా సరిహద్దులు నీళ్ళ మధ్యలోనే కలుస్తాయి.

2018 జూన్ 17న ఈ ఒడ్డునే గ్రీసు, మాసిడోనియా విదేశాంగ మంత్రులు కొజియాస్, దిమిత్రోవ్ ప్రెస్పా ఒప్పందం మీద సంతకాలు చేశారు. మాసిడోనియా ప్రధాని జాయెవ్ పడవలో ఇక్కడికి వచ్చారు. సంతకాలయ్యాక గ్రీసు ప్రధాని సిప్రాస్, మిగతావాళ్ళు పడవల్లోనే అవతలి ఒడ్డున, మాసిడోనియాలోని ఒతెషెవోకి భోజనానికి వెళ్ళారు. ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ చూడాలనే నేను బయల్దేరాను.

గొడవ 1991 నాటిది. యుగోస్లావియా నుంచి విడిపోయిన కొత్త దేశం తన పేరు మాసిడోనియా అంది. థెస్సలొనికి ఉన్న తమ ఉత్తర ప్రాంతం పేరు కూడా అదేనని, అలెగ్జాండర్ వారసత్వం తమదని, ఈరోజు పేరు తీసుకున్నవాళ్ళు రేపు నేల అడుగుతారని గ్రీసు అడ్డుపడింది. 1993లో ఐక్యరాజ్యసమితిలో చేరడానికి ఆ దేశం ‘మునుపటి యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్’ అన్న తాత్కాలిక పేరుతో సరిపెట్టుకుంది. 1994లో గ్రీసు వాణిజ్యం ఆపేసింది. మరుసటి ఏడు జెండా మీది సూర్యుడి గుర్తు మార్చాకే సరుకులు కదిలాయి. 2008లో నాటోలో చేరబోతే గ్రీసు మళ్ళీ ఆపింది. చివరికి ప్రెస్పా ఒప్పందంతో ఆ దేశం ఉత్తర మాసిడోనియా అని పేరు మార్చుకోవడానికి ఒప్పుకుంది, గ్రీసు అడ్డు తీసేస్తానంది.

నేను దిగిన ఇంటి యజమానురాలు పెద్దావిడ. ఒప్పందం మాట ఎత్తగానే గరిటె పక్కన పెట్టి కూర్చున్నారు. “పేరు ఇచ్చేశారని మా తమ్ముడు సిప్రాస్‌ని ఇప్పటికీ తిడతాడు. నాకూ నచ్చలేదు. కానీ అవతలివాళ్ళు రావడానికి దారి తెరిస్తే నా గదులు నిండుతాయి. అదేదీ?” అన్నారు.

ఆ దారి సంగతి మర్నాడు తెలిసొచ్చింది. సరస్సు పక్కనే లేమోస్ నుంచి అవతల మార్కొవా నోగాకు పాత రోడ్డుంది. అక్కడి సరిహద్దు ద్వారం 1960ల చివరి నుంచి మూసే ఉంది. తెరుస్తామని రెండు ప్రభుత్వాలూ చెప్పాయి గానీ నేను వెళ్ళేనాటికి తెరవలేదు. ఎదురుగా కనిపించే ఒడ్డుకు వెళ్ళడానికి ఫ్లోరినాకు వెనక్కొచ్చి, నికి దగ్గర సరిహద్దు దాటి, బితోలా, రెసెన్ మీదుగా నూరు కిలోమీటర్లకు పైగా తిరిగాను. టూరిస్టుకు ఇది సరదా ప్రయాణం. రెసెన్‌లో ఆపిల్ పండించే రైతుకు మాత్రం ఖర్చు.

మనుషులు దాటలేని ఆ గీతను పక్షులు రోజూ దాటుతాయి. మన కొల్లేటి గూడబాతులకు దగ్గరి చుట్టాలే, డాల్మేషియన్ పెలికాన్లు, పక్కనే ఉన్న చిన్న ప్రెస్పా సరస్సులో గూళ్ళు కట్టుకుని పెద్ద సరస్సులో చేపలు పడతాయి. వీటికోసం, నీటికోసం మూడు దేశాల ప్రధానులు 2000 ఫిబ్రవరిలోనే ప్రెస్పా పార్కు ప్రకటించారు. అప్పటికి ఒకరు పెట్టుకున్న పేరును ఇంకొకరు ఒప్పుకోనేలేదు! అయినా శాస్త్రవేత్తలు కలిసి నీటిమట్టం కొలిచారు, పక్షుల్ని లెక్కపెట్టారు. నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే. 2022లో బర్డ్ ఫ్లూతో వెయ్యికి పైగా పెలికాన్లు చనిపోయాయి. సరస్సు నీరు కూడా ఏళ్ళుగా తగ్గిపోతోంది. ఈ నీరు గలిచిత్సా కొండ కింది సున్నపురాతి సొరంగాల గుండా ఇంకి, ఓహ్రిద్ సరస్సు దగ్గర ఊటలై పైకొస్తుంది. అంటే ఇక్కడ చేసిన పాడు అక్కడ తేలుతుంది. ఏ ఒక్క దేశమూ దీన్ని ఒంటరిగా కాపాడలేదు.

ఒతెషెవోలో యుగోస్లావియా కాలపు హోటళ్ళు పాడుబడి ఉన్నాయి. దగ్గర్లో ఓ తోటలో ఆపిల్స్ కోస్తున్న రైతు నా చేతిలో రెండు పెట్టాడు. “కాగితం మీద ఉత్తర అని రాస్తాం, నోటితో మాసిడోనియా అనే అంటాం” అన్నాడు. 2018 సెప్టెంబరు రిఫరెండంలో ఓటేసినవాళ్ళలో 91 శాతం ఒప్పందానికి సరే అన్నారు. కానీ ఓటుకు వచ్చినవాళ్ళు దాదాపు 37 శాతమే. ఈయన రానివాళ్ళలో ఒకడు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ వాళ్ళ భాష మాసిడోనియన్ అని గ్రీసు సంతకం చేసి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆ మాటే ఆయనతో అన్నాను. తల ఊపి, “మరి బల్గేరియా?” అన్నాడు.

బితోలాలో కాఫీ తాగుతూ ఒక కుర్రాడు దాని గురించే చెప్పాడు. పేరు మార్చుకున్నందుకు 2020 మార్చిలో నాటో సభ్యత్వం వచ్చింది. అదే ఏడు నవంబరులో యూరోపియన్ యూనియన్ చర్చలకు బల్గేరియా అడ్డుపడింది. మీ భాష మా భాషలోని ఒక యాసే, మీరు మీవాడంటున్న విప్లవవీరుడు గోత్సె దెల్చెవ్ మావాడు అని దాని వాదన. ఇప్పుడు రాజ్యాంగంలో బల్గేరియన్ల పేరు చేర్చాలని షరతు. 2005 నుంచి అభ్యర్థి దేశంగా ఎదురుచూస్తున్నవాళ్ళకు ఇంకో పరీక్ష. పెద్ద త్యాగం చేయించుకుని ఆపైన మాట మార్చడం అన్యాయమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

“నా స్నేహితులు చాలామంది తాతల కాగితాలు చూపించి బల్గేరియా పాస్‌పోర్టు తీసుకున్నారు. దానితో జర్మనీలో పనిచేస్తున్నారు” అన్నాడతను. నువ్వెందుకు తీసుకోలేదని అడిగాను. దరఖాస్తు ఇంట్లోనే ఉందట. పాస్‌పోర్టు కోసం తను బల్గేరియన్నని రాసి సంతకం పెట్టాలని, నాన్న ముందు ఆ సంతకం పెట్టలేకపోతున్నానని అన్నాడు.