పెద్ద పికప్ వదిలి మిడ్‌సైజ్‌కు మారాలా వద్దా

మా ఇంట్లో కొన్నేళ్ళుగా ఉన్న, వెనక తెరిచిన సామాను తొట్టి ఉండే ఫుల్‌సైజ్ పికప్‌ను ఇచ్చేసి దాని స్థానంలో మిడ్‌సైజ్ పికప్ తీసుకోవాలా అన్న ఆలోచన ఈ ఏడాది మొదటినుంచీ నడుస్తోంది. అమెరికాలో ఉంటూ ఇల్లు, పెరడు, ట్రైలరు ఉన్న చాలామందికి ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. దాదాపు అందరూ దీన్ని మైలేజీ దగ్గర మొదలుపెడతారు. నేను కొలతలు తీసుకుని, లెక్కలు వేసుకుని, రెండు రకాల బళ్ళనూ నడిపి చూశాక, మైలేజీ దగ్గర తేలేది చాలా తక్కువని అర్థమైంది. వెనక తగిలించే ట్రైలరు బరువెంత, వెనక సీట్లో కూర్చునేది ఎవరు అన్నవి తేలితే తప్ప ఈ లెక్క తెగదు.

ముందుగా మైలేజీ సంగతి చెప్పి పక్కన పెడతాను. 2021 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150లో 2.7 లీటర్ల టర్బో ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండికి ప్రభుత్వ పరీక్షల్లో ఊరూ హైవే కలిపి గాలన్‌కు 21 మైళ్ళు వచ్చాయి. మిడ్‌సైజ్ వర్గానికి చెందిన హోండా రిడ్జ్‌లైన్‌కు కూడా వచ్చింది ఆ 21 మైళ్ళే. బండి చిన్నదైనంత మాత్రాన ఇంధనం అంతకంతా తగ్గిపోదు. మిడ్‌సైజ్ పికప్‌లు కూడా ఎత్తుగానే ఉంటాయి, ఎదురుగాలిని దాదాపు అంతే తీసుకుంటాయి, ఎక్కువభాగం ఉక్కు ఫ్రేము మీదే కట్టినవి కాబట్టి బరువులోనూ మనం ఊహించుకున్నంత తేడా ఉండదు. ఎఫ్-150కి 2015 మోడల్ నుంచి అల్యూమినియం బాడీ వచ్చాక ఆ తేడా ఇంకా తగ్గింది. ఒకవేళ గాలన్‌కు 20 మైళ్ళిచ్చే బండి నుంచి 23 ఇచ్చే బండికి మారినా, ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగేవాళ్ళకు మిగిలేది 78 గాలన్లు. ఉన్న బండిని ఇచ్చి కొత్తది కొన్నప్పుడు పన్నుల్లో, రిజిస్ట్రేషన్‌లో, పాత బండి ధరలో పోయే సొమ్మును ఈ 78 గాలన్లు పూడ్చాలంటే చాలా ఏళ్ళు పడుతుంది. కేవలం పెట్రోలు ఖర్చు కోసమే మారాలనుకునేవాళ్ళకు నా సలహా, ఉన్న బండినే ఇంకొన్నేళ్ళు నడపమని.

సైజు తేడాను మాత్రం రోజూ అనుభవిస్తాం. నాలుగు తలుపుల క్యాబు, అయిదున్నర అడుగుల బెడ్ (వెనక సామాను తొట్టి) ఉన్న ఎఫ్-150 పొడవు సుమారు 232 అంగుళాలు. 2024లో వచ్చిన కొత్త టొయోటా టకోమా, అయిదడుగుల బెడ్‌తో, దాదాపు 213 అంగుళాలు. కొత్త ఫోర్డ్ రేంజర్ 211కి కాస్త లోపే. తేడా ఒకటిన్నర అడుగుకు పైన ఉంటుంది. కాగితం మీద ఇది పెద్ద సంఖ్యలా కనిపించదు. కానీ మా గ్యారేజీ లోపలి లోతు 20 అడుగులు, అంటే 240 అంగుళాలు. ఇప్పటి బండిని ముందు గోడకు తగిలీ తగలనట్టు నిలిపితేనే వెనక షట్టరు దిగుతుంది, ఆ తర్వాత బండికి ముందునుంచి గానీ వెనకనుంచి గానీ మనిషి దాటిపోయే వీలుండదు. మిడ్‌సైజ్ అయితే అదే గ్యారేజీలో రెండడుగులకు పైగా ఖాళీ మిగులుతుంది, గోడ వారన ఒక సన్నటి పనిబల్ల వేసుకోవచ్చు. వెడల్పు విషయానికి వస్తే, ఎఫ్-150 అద్దాలు మినహా సుమారు 80 అంగుళాలు, అద్దాలతో కలిపితే 96 అంగుళాలకు చేరువవుతుంది. రేంజర్ అద్దాలు మినహా సుమారు 75న్నర. నాకైతే పొడవు కన్నా ఈ వెడల్పే ఎక్కువ పరీక్ష పెడుతోంది, ఎందుకంటే పార్కింగులో రెండు గీతల మధ్య సరిగ్గా నిలిపినా పక్క బండివాళ్ళకు తలుపు తెరుచుకునే చోటు ఇవ్వలేకపోతున్నాను. మా ఆవిడ ఈ బండి తీసుకుని బజారుకు వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. "ఎప్పుడో లాగే ట్రైలరు కోసం రోజూ ఈ అవస్థ ఎందుకండీ?" అని తను అడిగిన మాటతోనే ఇంట్లో ఈ చర్చ మొదలైంది.

ఇక బెడ్. ప్లైవుడ్ షీటు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటుంది. ఫుల్‌సైజ్ బెడ్‌లో రెండు వీల్ వెల్స్ (చక్రాల పైన తొట్టిలోకి పొడుచుకొచ్చే ఉబ్బులు) మధ్య దాదాపు 50 అంగుళాల చోటుంటుంది కాబట్టి 48 అంగుళాల షీటు నేల మీద బల్లపరుపుగా పడుకుంటుంది. చాలా మిడ్‌సైజ్ బళ్ళలో ఈ చోటు సరిపోదు. రిడ్జ్‌లైన్‌లో మొదటినుంచీ 4 అడుగుల షీటు పడుతుంది, 2024లో వచ్చిన రేంజర్‌లోనూ ఆ చోటును 48 అంగుళాలు దాటించారు. మిగతావాటిలో షీటును వీల్ వెల్స్ మీద ఆనించి పెట్టాలి. దానికోసం చాలా బెడ్‌లలో లోపలి గోడలకు గాళ్ళు చేసి ఉంచుతారు. వాటిలో అడ్డంగా రెండు చెక్క దిమ్మెలు బిగిస్తే వీల్ వెల్స్ ఎత్తుకు ఒక అటక తయారవుతుంది, షీట్లు దాని మీద పడుకుంటాయి, కింద సామాను పెట్టుకోవచ్చు. స్నేహితుడి బండిలో ఈ పద్ధతిలో ప్లైవుడ్ తెచ్చి చూశాను. బిగించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, టెయిల్‌గేట్ దించి తాడు కట్టాలి, అంతకు మించి ఇబ్బంది లేదు. పెరటి పనుల్లో మొక్కల మొదట్లో పరిచే చెక్కపొట్టు (మల్చ్) అయితే ఏ బండైనా తెస్తుంది. మట్టి సంగతి వేరు. ఒక ఘనపు గజం తడి మట్టి 2,000 పౌన్లు దాటుతుంది, మామూలు ఫుల్‌సైజ్ పికప్‌లు కూడా చాలావరకు అంత మోయకూడదు. బెడ్ నిండేదాకా పోయించుకుని, వెనక స్ప్రింగులు కూరుకుపోయి, ముందు చక్రాలు తేలిపోతూ రోడ్డెక్కే బళ్ళను చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది.

అసలు విషయం బరువు, దాని జవాబు డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌన్లు మించరాదు అని, సరిగ్గా ఆ బండికి ఫ్యాక్టరీలో లెక్కగట్టిన సంఖ్య అది. ప్రకటనల్లో చెప్పే పేలోడ్ (బండి మోయగల బరువు) ఆ మోడల్‌లో అత్యంత ఖాళీగా ఉన్న బండికి వర్తిస్తుంది. సన్‌రూఫ్, తోలు సీట్లు, పెద్ద చక్రాలు చేరేకొద్దీ ఆ బరువంతా పేలోడ్‌లోంచే పోతుంది. అందుకే పేరుకు పెద్ద బండైనా అన్నిసార్లూ ఎక్కువ మోయదు. ఎఫ్-150లో ఎగుడుదిగుడు దారుల కోసం చేసిన రాప్టర్ రకం మోయగలిగేది గరిష్ఠంగా 1,400 పౌన్లు, చాలామంది కారుతో సమానంగా చూసే రిడ్జ్‌లైన్ 1,500 పౌన్లు దాటి మోస్తుంది. బండి కొనేవాళ్ళు డీలరు దగ్గర ఇంజను శక్తి గురించి అడిగే ముందు తలుపు తీసి ఈ స్టిక్కరు చదవాలని నేను గట్టిగా చెబుతాను.

ట్రైలరు లాగేటప్పుడు ఈ సంఖ్య ఇంకా ముఖ్యమవుతుంది. ట్రైలరు ముందు భాగం హిచ్ (బండి వెనక ట్రైలరు తగిలించే కొక్కెం) మీద మోపే బరువును టంగ్ వెయిట్ అంటారు, అది మొత్తం ట్రైలరు బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తగ్గితే హైవే మీద ట్రైలరు అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఈ టంగ్ వెయిట్ కూడా పేలోడ్ లెక్కలోకే వస్తుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. సామాను నింపాక 5,500 పౌన్లు తూగే, లోపల పడుకునే వీలున్న క్యాంపింగ్ ట్రైలరు ఉందనుకుంటే దాని టంగ్ వెయిట్ సుమారు 700 పౌన్లు. బండిలో నలుగురు కలిపి 600 పౌన్లు. మొత్తం 1,300. స్టిక్కరు మీద 1,250 అని ఉన్న మిడ్‌సైజ్ పికప్ బెడ్‌లో ఒక్క సంచి కూడా వేయకుండానే హద్దు దాటేసింది. ఆ బండి ప్రకటనలో మాత్రం 7,500 పౌన్లు లాగుతుందని ఉంటుంది. కొత్త రేంజర్‌కు 7,500, షెవర్లే కొలరాడోకు 7,700 పౌన్లని కంపెనీలు చెప్పే సంఖ్యలు అబద్ధాలు కావు. ఎస్‌ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) పెట్టిన జె2807 అనే ప్రమాణం ప్రకారం, ఆరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గరి సుదీర్ఘమైన ఎగువదారిని ఆధారంగా తీసుకుని, వేడిలో బరువు లాగించి పరీక్షించే పద్ధతి ఉంది, దాన్ని మొదటగా తన ఫుల్‌సైజ్ పికప్ 2011 టండ్రాతో టొయోటా పాటించింది. అయితే ఇంజను లాగగలగడం ఒకటి, నిండు కుటుంబంతో బండి ఆ బరువును నెత్తినేసుకోగలగడం మరొకటి. పైగా క్యాంపింగ్ ట్రైలరు పడవలా కిందుగా ఉండదు, నిలువెత్తు గోడలా గాలికి అడ్డం నిలబడుతుంది. పక్కగాలి కొట్టినప్పుడు, పెద్ద లారీ దాటిపోయినప్పుడు, ట్రైలరును లాగే బండి పొడవుగా బరువుగా ఉంటేనే చేతిలో స్టీరింగు నిలకడగా ఉంటుంది. ఎఫ్-150 వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 145 అంగుళాలు, మిడ్‌సైజ్ పికప్‌లలో ఎక్కువభాగం 130 చుట్టుపక్కల ఉంటాయి. నిండితే 5,000 పౌన్లు దాటే క్యాంపింగ్ ట్రైలరును వదులుకునే ఉద్దేశం లేనివాళ్ళు ఫుల్‌సైజ్‌తోనే ఉండాలని నా అభిప్రాయం. పిల్లల్ని కూర్చోబెట్టుకుని పోయే బండి విషయంలో అంచున నిలబడి లెక్కలు సరిచూసుకోవడం నాకు ఇష్టం లేదు.

వెనక సీటు గురించి ప్రకటనల్లో పెద్దగా చెప్పరు, కానీ అక్కడే చాలామంది వెనక్కి తగ్గుతారు. ఎఫ్-150 నాలుగు తలుపుల క్యాబులో వెనక కాళ్ళకు 43.6 అంగుళాల చోటుంది. కొత్త టకోమాలో 33.7, రిడ్జ్‌లైన్‌లో 36.7. ఆరడుగుల మనిషి టకోమా ముందు సీటును తనకు కావలసినంత వెనక్కి జరుపుకుంటే, వెనక కూర్చున్న పెద్దవాళ్ళ మోకాళ్ళు సీటుకు ఆనుతాయి. పసిపిల్లల సీటు వెనక్కి తిప్పి బిగించాలంటే ముందు సీటులోని మనిషి డ్యాష్‌బోర్డు దాకా జరగాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు, బండి చూడటానికి వెళ్ళేటప్పుడు తమ చైల్డ్ సీటును వెంట తీసుకువెళ్ళి అక్కడే బిగించి చూసుకోవడం మంచిది. ఎత్తు సంగతి కూడా ఉంది. మా అమ్మ వచ్చినప్పుడు మెట్టు మీద కాలు పెట్టి, పైనున్న పిడి పట్టుకుని, "ఇంత ఎత్తయితే నా వల్ల కాదురా" అని ఆగిపోతుంది. మిడ్‌సైజ్ అంటే ఈ బాధ తీరుతుందనుకుని చూస్తే, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న టకోమా లాంటివి పెద్దగా కిందికేమీ లేవు. ఫ్రేము లేకుండా కారులా కట్టిన రిడ్జ్‌లైన్ ఒక్కటే నిజంగా తేలికగా ఎక్కగలిగేలా ఉంది. దాని బదులుగా అది 5,000 పౌన్ల వరకే లాగుతుంది.

చిన్న పికప్‌లంటే 1990లలో కనిపించిన బళ్ళలా ఉంటాయని ఆశించేవాళ్ళకు ఒక మాట. ఆ సైజు ఇప్పుడు లేదు. పాత రేంజర్‌ను 2011తో ఆపేసి, 2019 మోడల్‌గా మళ్ళీ తెచ్చినప్పుడు అది బాగా పెరిగి వచ్చింది. ఇంధన నిబంధనలను 2011 నుంచి బండి చక్రాల మధ్య వైశాల్యానికి ముడిపెట్టారు. వైశాల్యం పెరిగేకొద్దీ చేరుకోవలసిన మైలేజీ తక్కువగా ఉంటుంది కాబట్టి, చిన్న ట్రక్కు తయారు చేయడం కంపెనీలకు గిట్టుబాటు కావడం కష్టమైంది. 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద ఉన్న 25 శాతం సుంకం వల్ల బయటి దేశాల చిన్న పికప్‌లు కూడా ఇక్కడికి చాలావరకు రావు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే పనికి సరిపడా సైజులో బండి కావాలనే వాళ్ళు తక్కువేమీ లేరు. మరీ చిన్నది కావాలంటే 2022 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ మావెరిక్ లాంటివి ఉన్నాయి, కానీ మా పెరటి పనికి, వారాంతపు సామానుకు దాని బెడ్ చాలదు.

ధర విషయంలోనూ పెద్ద ఆశ పెట్టుకోనక్కరలేదు. మిడ్‌సైజ్‌లో ఖరీదైన రకాలు ఫుల్‌సైజ్‌లో మధ్యరకం ధరకు చేరుకున్నాయి. ఫుల్‌సైజ్ మీద డీలర్లు తగ్గింపులు తరచుగా ఇస్తారు, టకోమా మీద అంతగా ఇవ్వరు. అదే టకోమాను పాతబడ్డాక అమ్మితే ధర బాగా నిలుస్తుంది, కాబట్టి పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకూ నాలుగేళ్ళలో మార్చేవాళ్ళకూ లెక్క ఒకలా రాదు.

ఇవన్నీ వేసుకున్నాక మేము ముందుగా ట్రైలరు సంగతి తేల్చుకున్నాం. పెద్దవాడు కాలేజీకి వెళ్ళిపోయాడు, చిన్నదానికి సెలవుల్లో తన పనులు తనకున్నాయి, నలుగురం కలిసి ట్రైలరులో పడుకునే ప్రయాణాలు ఇక అరుదే. అందుకని క్యాంపింగ్ ట్రైలరును అమ్మకానికి పెట్టాం, మట్టికీ మొక్కలకూ వాడే చిన్న యుటిలిటీ ట్రైలరును ఉంచుకున్నాం. అది నిండినా 3,000 పౌన్లు దాటదు. పెద్ద ట్రైలరు పోయే వరకు పాత బండిని ఇవ్వం. అది పోయాక, వెనక సీటు నలుగురికి రోజూ అక్కరలేదు కాబట్టి, ఆరడుగుల బెడ్ దొరికే మిడ్‌సైజ్‌లకు మొదటి చోటు ఇస్తున్నాను. టకోమా నాలుగు తలుపుల క్యాబులోనూ నిస్సాన్ ఫ్రంటియర్‌లోనూ ఆ బెడ్ దొరుకుతుంది, పొడవు మాత్రం మళ్ళీ ఫుల్‌సైజ్‌కు దగ్గరవుతుంది కాబట్టి గ్యారేజీలో ఇంకోసారి టేపు పెట్టి చూడాలి. అమ్మ రాక ఎక్కువవుతుందని తేలితే రిడ్జ్‌లైన్ తీసుకుంటాం, యుటిలిటీ ట్రైలరుకు దాని శక్తి సరిపోతుంది. ఈ రెండింటి మధ్య నిర్ణయం మా ఆవిడది, ఎందుకంటే బజారుకు ఆ బండి తీసుకెళ్ళేది ఇకమీదట తనే.