రికార్డింగ్ పెడితే వైఫై పడుకుంటోంది: కారణం దొరికింది

ఇన్నాళ్లూ రౌటర్‌ని తిట్టుకున్నదంతా దండగ. నెట్‌ని చంపుతున్నది డిష్ రిసీవర్ వెనక పెట్టిన హార్డ్‌డిస్క్!

ఎనిగ్మా2 (లినక్స్ మీద నడిచే రిసీవర్ సాఫ్ట్‌వేర్) బాక్స్. వెనక యూఎస్‌బీ 3.0 పోర్టులో డిస్క్, దాని పక్క పోర్టులోనే వైఫై డాంగిల్ (వైఫై అందుకునే చిన్న యూఎస్‌బీ పుల్ల). ఊరికే ఛానెల్ చూస్తున్నంతసేపూ రౌటర్‌కి పింగ్ (ప్యాకెట్ పోయి తిరిగొచ్చే సమయం) 2, 3 మిల్లీసెకన్లే, ఒక్క ప్యాకెట్టూ పోదు. టైమర్ రికార్డింగ్ మొదలైతే చాలు, పింగ్ 400 దాటుతుంది, నూటికి ముప్పై నలభై ప్యాకెట్లు గల్లంతు. ఈపీజీ (కార్యక్రమాల పట్టిక) సగంలో ఆగిపోతుంది, ఫోన్‌కి స్ట్రీమ్ పెడితే చక్రం తిరుగుతూనే ఉంటుంది. రికార్డింగ్ ఆపగానే మళ్లీ మామూలే. ఒళ్లు మండేదేంటంటే సిగ్నల్ అంకె కదలదు, ఎప్పుడు చూసినా −51 డీబీఎం. లింక్ వేగం మాత్రం 72 నుంచి 6.5 ఎంబీపీఎస్‌కి జారిపోతుంది.

మొదటి అనుమానం కరెంటు మీద. డాంగిల్ పోర్టు దగ్గర మల్టీమీటర్ పెడితే మామూలప్పుడు 5.04, రికార్డింగ్‌లో 4.93 వోల్టులు. 4.75కి తగ్గనంతవరకు బెంగ లేదు. కానీ రెప్పపాటులో పడి లేచే వోల్టేజి మల్టీమీటర్‌కి అందదు కదా, అందుకని డిస్క్‌ని సొంత అడాప్టరున్న 3.0 హబ్ మీదికి మార్చి చూస్తే తేడా ఏమీ లేదు. తర్వాత డ్రైవర్‌లో పవర్ సేవింగ్ ఆపేసినా (ఆర్‌టీఎల్8192సీయూ చిప్ డాంగిల్ ఉన్నవాళ్లు ఇది ఎలాగూ చేసుకోవాలి) అదే వరస. ప్రాసెసర్ లోడ్ 20 శాతం దాటట్లేదు. ట్యూనర్‌ని పక్కనపెట్టి, టెల్నెట్‌లో (దూరం నుంచి బాక్స్‌కి కమాండ్లు ఇచ్చే దారి) డీడీ కమాండ్‌తో డిస్క్‌లోకి ఉత్త సున్నాలు రాయించినా ప్యాకెట్లు పోతున్నాయి. అంటే రికార్డింగ్‌తో పని లేదు, డిస్క్‌లోకి డేటా పోతుంటే చాలు. అదే డిస్క్‌ని ముందున్న 2.0 పోర్టులో పెడితే నష్టం సున్నా!

సంగతి ఇదీ. యూఎస్‌బీ 3.0 డేటా 5 జీబీపీఎస్ వేగంతో పరిగెడుతుంది. దాన్నుంచి పుట్టే రేడియో రొద నా డాంగిల్ వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద కూడా పరుచుకుంటుంది. కనెక్టర్ దగ్గర, షీల్డింగ్ సరిగాలేని కేబుల్ దగ్గర అది బయటికి కారుతుంది. ఇంటెల్ 2012లోనే దీని మీద పేపర్ వేసింది. రౌటర్ సిగ్నల్ ఎంత బలంగా వచ్చినా రొద లేచాక డాంగిల్‌కి ఏమీ వినపడదు. డీబీఎం అంకెలో ఈ రొద కనిపించదు కాబట్టే ఇంత తిప్పలు.

డాంగిల్‌ని పక్క పోర్టులో ఉంచితే 35 శాతం నష్టం. 30 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ వేస్తే 6 శాతం. మీటరు కేబుల్‌తో టీవీ వెనక నుంచి పక్కకి లాగితే సున్నా. ఎక్స్‌టెన్షన్ లేకపోతే డిస్క్‌కే 2.0 కేబుల్ వేసేయండి. 3.0 మైక్రో-బి సాకెట్‌లో వెడల్పు భాగంలోకి మామూలు మైక్రో యూఎస్‌బీ పిన్ను సరిగ్గా పడుతుంది. హెచ్‌డీ ఛానెల్ 15 ఎంబీపీఎస్ తిన్నా, నాలుగు ఒకేసారి రికార్డ్ చేసినా 2.0కి అదో లెక్క కాదు. అసలు రిసీవర్‌కి 3.0 పోర్టు డబ్బామీద రాసుకోవడానికే అని నా అభిప్రాయం.

డాంగిళ్లలో నా ఓటు రాలింక్ ఆర్‌టీ5370కే. వేగం తక్కువే, కానీ డ్రైవర్ కెర్నల్‌లోనే (లినక్స్ మూలభాగం) ఉంటుంది, ఇమేజ్ (బాక్స్ సాఫ్ట్‌వేర్) మార్చినప్పుడల్లా వెతుక్కోనక్కర్లేదు. 5 గిగాహెర్ట్జ్ డాంగిల్ పెడితే ఈ గొడవే ఉండదుగానీ, పాత కెర్నల్ బాక్సుల్లో డ్రైవర్ దొరకడమే గగనం.

ఇంకో సంగతి, ప్లగిన్ ఫీడ్ (అదనపు ప్రోగ్రాములు దించుకునే చోటు) తెరుచుకోని నా రెండో బాక్స్ కూడా బాగుపడింది: గడియారం 1970లో ఆగి ఉండటంతో సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లట్లేదు, టైమ్ సింక్‌ని ట్రాన్స్‌పాండర్ (శాటిలైట్ సిగ్నల్) నుంచి ఎన్‌టీపీకి (ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకోవడం) మారిస్తే సరిపోయింది.

ఇక వైరింగ్. డిష్ కోయాక్స్ తీగ మీదే మోకా అడాప్టర్లతో నెట్ పంపుదామన్న ఆశ తీరేది కాదు. మోకా వాడేది 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్, ఎల్‌ఎన్‌బీ (డిష్ మీద సిగ్నల్ అందుకునే భాగం) సిగ్నల్ 950 నుంచి 2150 మధ్య వస్తుంది, రెండూ ఒకే తీగలో కొట్టుకుంటాయి. కాబట్టి కోయాక్స్ పక్కనే క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగుతున్నాను. బాక్స్ నెట్‌వర్క్ పోర్టు 10/100 ఎంబీపీఎస్‌దే, దానికి రెండు జతలు చాలు. అయినా నాలుగు జతలూ క్రింప్ చేసి (ప్లగ్‌లో బిగించి), గిగాబిట్ ల్యాప్‌టాప్‌తో లింక్ 1000కి వస్తుందో లేదో చూశాకే గోడకి క్లిప్పులు కొడతాను.