దయగా దొరికింది హక్కుగా మారేదాకా: టామీ డగ్లస్

కెనడా రాజకీయ నాయకుడు టామీ డగ్లస్ గురించి ఎవరు రాసినా ముందు ఆయన కాలి సంగతి చెబుతారు. చాలామంది దానిని ఒక మంచి డాక్టరు దయాగుణానికి నిదర్శనంగా చూపి ముందుకు సాగిపోతారు. డగ్లస్ మాత్రం దానిని అలా అర్థం చేసుకోలేదు. ఆయన రాజకీయ జీవితమంతా ఆ తేడాలోంచే పుట్టిందని నేను నమ్ముతాను.

ఆయన 1904 అక్టోబరు 20న స్కాట్లండులోని ఫాల్కర్క్ పట్టణంలో, ఇనుప పోత పని చేసే ఒక కార్మికుడి ఇంట పుట్టారు. చిన్నతనంలో కింద పడి మోకాలికి తగిలిన దెబ్బ చివరకు ఎముకకు చీము పట్టే ఆస్టియోమైలైటిస్ జబ్బుగా మారింది. కుటుంబం కెనడాకు వలస వచ్చి విన్నిపెగ్ నగరంలో స్థిరపడిన తరువాత అది మళ్ళీ తిరగబెట్టింది. యాంటీబయోటిక్ మందులు ఇంకా రాని కాలమది. డబ్బు లేనివారిని చేర్చుకునే ఆసుపత్రి వార్డులో పదేళ్ళు నిండీ నిండని ఆ పిల్లవాడిని పరీక్షించిన డాక్టర్లు కాలు తీసేయక తప్పదన్నారు. ఆ సమయంలో అటుగా వచ్చిన ఒక పేరున్న ఎముకల సర్జన్, తన విద్యార్థులు పక్కన నిలబడి చూడడానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నాడు. వారు ఒప్పుకున్నారు, కాలు దక్కింది. అదే కాలి మీద నిలబడి ఆ కుర్రవాడు 1922లోనూ 1923లోనూ మానిటోబా రాష్ట్ర లైట్‌వెయిట్ బాక్సింగ్ విజేత అయ్యాడు.

ఆ సర్జన్ పట్ల డగ్లస్‌కు కృతజ్ఞత ఎప్పుడూ ఉంది. అయితే ఆయన మనసులో నిలిచిపోయింది మరొకటి. తండ్రి డబ్బున్నవాడై ఉంటే ఆ నైపుణ్యం మొదటి రోజే అందేది. పాఠం చెప్పడానికి ఆ సర్జన్‌కు అలాంటి కేసు అక్కర్లేకపోయి ఉంటే అసలు అందేదే కాదు. ఒక పిల్లవాడి కాలు ఇలాంటి అదృష్టం మీద ఆధారపడి ఉండకూడదన్న మాటను ఆయన జీవితాంతం చెబుతూ వచ్చారు.

కుర్రతనంలో ప్రింటింగ్ ప్రెస్సులో పని నేర్చుకున్నారు. 1919లో విన్నిపెగ్ సార్వత్రిక సమ్మె మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజున, ఒక మేడ మీద నుంచి ఆ దృశ్యాన్ని కళ్ళారా చూశారు. తరువాత బ్రాండన్ కాలేజీలో చదివి, 1930లో సస్కాచెవాన్ రాష్ట్రంలోని వేబర్న్ పట్టణానికి బాప్టిస్టు పాస్టర్‌గా వెళ్ళారు. గోధుమ ధర పడిపోయి, వాన ముఖం చాటేసి, పొలాల మట్టి గాలికి కొట్టుకుపోతున్న సంవత్సరాలవి. దగ్గరలో డాక్టరు లేక, ఉన్నచోటికి వెళ్ళడానికి చేతిలో డబ్బు లేక చనిపోయిన ఇద్దరికి తాను అంత్యక్రియలు జరిపించిన సంగతిని ఆయన తరువాత గుర్తు చేసుకున్నారు. ఇద్దరూ ముప్ఫైల వయసువారు, చిన్న చిన్న పిల్లలున్నవారు. ప్రసంగ వేదిక నుంచి ఓదార్పు మాటలు చెప్పడం మాత్రమే చాలదని ఆయనకు అనిపించడంలో ఆశ్చర్యమేముంది? రైతులు, కార్మికులు కలిసి పెట్టుకున్న సీసీఎఫ్ పార్టీలో చేరి, 1935లో ఫెడరల్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు.

ఇక్కడ దాటవేయకూడని విషయం ఒకటుంది. 1933లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసంలో, మానసికంగా వెనుకబడినవారని తాను భావించినవారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయాలని ఆయన సమర్థించారు. ఆ కాలంలో ఎందరో అలాగే ఆలోచించేవారన్నది నిజమే కాని, దానివల్ల తప్పు ఒప్పు కాదు. అయితే అధికారం చేతికొచ్చాక ఆయన ఆ దారిన వెళ్ళలేదు. పక్కనున్న ఆల్బర్టాలో అటువంటి చట్టం 1928 నుంచీ అమలులో ఉన్నా, సస్కాచెవాన్‌లో దానిని ఆయన రానివ్వలేదు.

1944 ఎన్నికలలో సీసీఎఫ్ 52 స్థానాలకు 47 గెలిచింది. డగ్లస్ ప్రీమియర్, అంటే రాష్ట్ర ప్రభుత్వాధినేత, అయ్యారు. ఉత్తర అమెరికాలో ఒక సోషలిస్టు పార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేయడం అదే మొదటిసారి. ఆరోగ్యశాఖను ఆయన మరొకరికి అప్పగించకుండా 1949 దాకా తన దగ్గరే ఉంచుకున్నారు. నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఆ తరువాత ఆయన చూపిన ఓర్పు. అంతా ఒక్కసారిగా ఉచితమని ప్రకటించి ఖజానాను కూలదోయలేదు. ముందు వృద్ధాప్య పింఛనుదారులకు ఉచిత వైద్యం మొదలుపెట్టారు. 1947 జనవరి 1 నుంచి రాష్ట్ర ప్రజలందరికీ ఆసుపత్రి బీమా తెచ్చారు. మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబం ఎంత పెద్దదైనా 30 డాలర్లకు మించకుండా రుసుము కడితే, ఆసుపత్రిలో చేరినందుకు బిల్లు ఉండదు. డాక్టరు ఫీజు మాత్రం అందులోకి రాదు. దానికి సరిపడా డబ్బు రాష్ట్రం దగ్గర అప్పటికి లేదు. లేదని ఒప్పుకుని ఆయన పుష్కర కాలం ఆగారు.

దారి చూపింది ప్రత్యర్థి పక్షమే. కన్సర్వేటివ్ ప్రధాని జాన్ డీఫెన్‌బేకర్ ప్రభుత్వ కాలంలో, 1958 నుంచి, రాష్ట్రాల ఆసుపత్రి బీమా ఖర్చులో దాదాపు సగం ఫెడరల్ ఖజానా భరించడం మొదలైంది. అలా మిగిలిన డబ్బును చూసుకునే డగ్లస్ 1959లో డాక్టరు ఫీజులకు కూడా ప్రభుత్వ బీమా తెస్తామని ప్రకటించారు. డాక్టర్ల సంఘం గట్టిగా వ్యతిరేక ప్రచారం చేసినా, 1960 ఎన్నికలలో అదే అంశం మీద నిలబడి గెలిచారు. 1961 అక్టోబరులో శాసనసభలో బిల్లు పెట్టి, నవంబరులో పదవి వదిలి, సీసీఎఫ్ స్థానంలో కొత్తగా ఏర్పడిన ఎన్‌డీపీ పార్టీకి జాతీయ నాయకుడిగా వెళ్ళారు.

ఆ తరువాత జరిగింది బాధాకరం. 1962 జూన్ 18న జరిగిన ఫెడరల్ ఎన్నికలలో, పదిహేడేళ్ళు తాను పాలించిన రాష్ట్ర రాజధాని రెజైనాలోనే డగ్లస్ ఓడిపోయారు. మెడికేర్, అంటే డాక్టరు ఫీజులకు ప్రభుత్వం తెచ్చిన ఆ బీమా, మీద రగులుతున్న కోపానికి ఆయన స్వయంగా మూల్యం చెల్లించారు. రెండు వారాలు తిరగకముందే, జులై 1న, పథకం అమలులోకి వచ్చిన రోజునే రాష్ట్రంలోని డాక్టర్లలో అత్యధికులు క్లినిక్కులు మూసి సమ్మెకు దిగారు. అది 23 రోజులు సాగింది. ఆ భారాన్ని మోసింది డగ్లస్ తరువాత ప్రీమియర్ అయిన వుడ్రో లాయిడ్. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించి, జడవకుండా నిలబడి, చివరకు సస్కటూన్‌లో ఒప్పందం కుదిర్చిన ఆయన పేరు ఈ చరిత్రలో తగినంత వినిపించదు. కెనడాలో మెడికేర్ పితామహుడని డగ్లస్‌ను పిలిచేటప్పుడు లాయిడ్‌ను కూడా తలచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

డగ్లస్ అదే ఏడాది బ్రిటిష్ కొలంబియాలో ఉప ఎన్నిక గెలిచి పార్లమెంటుకు తిరిగి వచ్చారు. 1966లో లెస్టర్ పియర్సన్ మైనారిటీ ప్రభుత్వం దేశవ్యాప్త వైద్య బీమా చట్టం చేసింది. 1972 నాటికి అన్ని రాష్ట్రాలూ అందులో చేరాయి.

1970 అక్టోబరులో, క్వెబెక్‌లో తీవ్రవాదుల అపహరణల నేపథ్యంలో ప్రభుత్వం యుద్ధకాలపు అత్యవసర చట్టాన్ని ప్రయోగించినప్పుడు దేశమంతా దానికి మద్దతు పలికింది. డగ్లస్, ఆయన పార్టీ సభ్యులలో ఎక్కువమంది మాత్రం పౌరహక్కుల పేరిట వ్యతిరేకంగా ఓటు వేశారు. ఓట్లు పోతాయని తెలిసి చేసిన పని అది.

మరుసటి ఏడాది పార్టీ నాయకత్వాన్ని, 1979లో పార్లమెంటును వదిలారు. అదనపు ఫీజుల వసూలును అరికట్టే కెనడా ఆరోగ్య చట్టాన్ని పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించిన 1984లోనే, ఆయనను ఒక బస్సు గుద్దింది. త్వరలోనే కోలుకున్నారు. ఆ అక్టోబరులో 80వ పుట్టినరోజున పలకరించిన పత్రికతో, తాను మామూలుగా రోజుకు 5 మైళ్ళ దాకా నడుస్తానని చెప్పారు.