కన్నీళ్లు రాని ఏడుపు

2024 మే మొదటి వారం. మావాడికి అప్పుడే నాలుగేళ్లు నిండాయి. సెలవులకని నరసరావుపేట దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి తీసుకెళ్లాను. అక్కడే పుట్టి పెరిగినదాన్ని, పల్నాటి ఎండలు నాకు కొత్త కాదు. పొద్దున పది దాటితే వాణ్ణి గడప దాటనివ్వలేదు. కుండనీళ్లు, మజ్జిగ, ముంజలు, సాయంత్రం మళ్లీ స్నానం. ఇంత జాగ్రత్తగా ఉన్నాం కదా, ఇంకేం భయం అనుకున్నాను.

బంధువుల పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు తెల్లవారుజామున విరేచనాలు పట్టుకున్నాయి. పెళ్లిలో పుల్లఐసు తిన్నాడు, డ్రమ్ములో నీళ్లు తాగాడు. తొమ్మిదింటికల్లా అయిదుసార్లు నీళ్లలా వెళ్లాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మా తమ్ముణ్ణి మందులషాపుకి పంపి, ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ భర్తీ చేసే ఓఆర్ఎస్ తెమ్మన్నాను. నారింజ రుచి ఉన్న చిన్న అట్టపెట్టెలు నాలుగు తెచ్చాడు. పైన పెద్దక్షరాలతో ఓఆర్ఎస్ అని ఉంది. చదువుకున్నదాన్నే, వెనక్కి తిప్పి చూడలేదు. వాడు ఇష్టంగా తాగుతుంటే సంతోషించాను కూడా. మధ్యాహ్నానికి మూడు పెట్టెలు అయిపోయాయి. విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి.

"ఆ తీపినీళ్లు ఆపవే, గంజిలో ఉప్పేసి ఇస్తాను" అంది అమ్మ.

"డాక్టర్లు చెప్పేది ఇదేనమ్మా, నువ్వూరుకో" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఈరోజుకీ గొంతు పట్టేస్తుంది.

మూడింటప్పుడు వాడు ఏడుస్తున్నాడు. మొహమంతా ఏడుపే, కళ్లలో చుక్క నీరు లేదు. కళ్లు లోపలికి పీక్కుపోయాయి. పొద్దున్నుంచీ వాడు పాసు పోయలేదని నాకు అప్పుడు తట్టింది. కాసేపటికి ఏడుపు కూడా ఆపేశాడు. నిద్రపోతున్నాడులే అనుకున్నాను. అమ్మ వాడి పొట్టమీద చర్మాన్ని రెండువేళ్లతో పట్టి వదిలింది. మడత అలాగే నిలబడి, మెల్లగా దిగింది. "ఆటో పిలవరా" అని తమ్ముడి మీద అరిచింది. అమ్మ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు.

ఆసుపత్రిలో నరం దొరకలేదు. మూడోసారికి దొరికింది. సూది గుచ్చుతుంటే వాడు చెయ్యి లాక్కోలేదు, అందుకే నాకు కాళ్లలో వణుకు పుట్టింది. బరువు చూసి, 14 కిలోలకు లెక్కకట్టి సెలైన్ పెట్టారు. అది ఎక్కుతుండగా డాక్టరుగారు అడిగారు, "ఏం పట్టావమ్మా?" సంచిలో మిగిలిన పెట్టె తీసి చూపించాను. ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి నా చేతికిచ్చారు. వంద మిల్లీలీటర్లకు పది గ్రాములు దాటి చక్కెర, అంటే లీటరుకు వంద గ్రాముల పైనే. అసలు ఓఆర్ఎస్‌లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కొలత ప్రకారం, లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఆ కొలతలో ఉంటే గ్లూకోజు, ఉప్పు జంటగా పేగు గోడలోంచి లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. చక్కెర మరీ ఎక్కువైతే ఒంట్లో నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి. అంటే ఆ రోజంతా నా చేతులతో నేనే వాడి ఒంట్లో నీళ్లు తోడిపోశాను.

రాత్రి పదింటికి పక్క తడిపాడు. ఆ తడిదుప్పటి పట్టుకుని అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెల్లారి నర్సమ్మ ప్లాస్టరు సర్దబోతే గట్టిగా ఏడ్చాడు. ఈసారి చెంపలమీద కన్నీళ్లు జారాయి.

మూడోరోజు ఇంటికొచ్చాం. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టమన్నారు. విరేచనాలు ఆగినా జింకు మందు పధ్నాలుగు రోజులూ వేయాలన్నారు. తగ్గిన బరువు మళ్లీ రావడానికి నెల పట్టింది. పెరుగన్నం మాత్రం వారానికే అడిగి తిన్నాడు.

2025 అక్టోబరులో, పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. దానికోసం హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ఆ వార్త చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆవిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇప్పుడు మా అమ్మ ఇంట్లో లీటరు సీసాకు ఎర్రదారం కట్టి ఉంటుంది. ఆశా కార్యకర్త ఇచ్చిన పొడి ప్యాకెట్టు మొత్తం ఒకేసారి, ఆ దారం దాకా పోసిన కాచి చల్లార్చిన నీళ్లలో కలుపుతుంది. మిగిలినవి మర్నాటికి పారబోస్తుంది. మొన్న రాత్రి పిన్నికూతురు ఫోన్ చేసి, పాపకు మోషన్స్ అవుతున్నాయక్కా, ఏం మందు వెయ్యనూ అంది. మందు సంగతి తర్వాత, పాప చివరిసారి పాసు ఎప్పుడు పోసిందో చెప్పు అన్నాను.