హాల్లో టేపుతో గీసిన క్యాబిన్

ఆదివారం రాత్రి.

హాల్లో నేల మీద అంటించిన టేపు ఇంకా తీయలేదు. మూడు మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. ఈ వేసవి సెలవుల్లో క్రూజ్‌కి, అంటే విహార ఓడ ప్రయాణానికి వెళ్తే నలుగురం ఏడు రాత్రులు గడపాల్సిన చోటు అంతే, బాత్రూమ్ కూడా అందులోనే. కిటికీ లేని లోపలి క్యాబిన్ అన్నిటికన్నా చవక కాబట్టి నెల రోజులుగా దాన్నే చూస్తున్నాం. పదిహేను చదరపు మీటర్లు అని చదివితే ఎంతో ఊహకు అందట్లేదని ఇవాళ పొద్దున్నే కొలిచి గీసేశాను.

నలుగురం లోపలికి వెళ్లి నిలబడ్డాం. పెద్ద మంచం వచ్చేచోట దుప్పటి పరిచాం, బాత్రూమ్ వచ్చేచోట నాలుగు కుర్చీలు పెట్టాం. రెండు సూట్‌కేసులు తెచ్చేసరికి నడిచే దారి పోయింది. "మంచం కిందకి తోసేయొచ్చు అమ్మా" అని మా పెద్దది వాటిని దుప్పటి మీదకి జరిపి చూపించింది. నిజమే, ఓడ మంచాల కింద పెట్టెలు పట్టేంత ఖాళీ ఉంటుంది. మూడో పడక సోఫా. నాలుగోది సీలింగు నుంచి కిందికి దిగుతుంది, చిన్నపిల్లల్ని దాని మీద పడుకోబెట్టకూడదు. తొమ్మిదేళ్లది కాబట్టి అది తనదేనని పెద్దది అప్పుడే ఖాయం చేసుకుంది. చిన్నోడు దుప్పటి మీద బోర్లా పడుకుని లేవనని మొండికేశాడు. సరిపోతామని అప్పుడే అనిపించింది. పగలంతా ఎలాగూ బయటే ఉంటాం.

నిజానికి పెద్దది మొదట అడిగిన ఓడ వేరు. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్. ఇరవై డెక్కులు (అంతస్తులు), ఆరు వాటర్ స్లైడ్లు. వీడియోలు చూసి చూసి ఏ స్లైడు ఎక్కడుందో దానికి కంఠతా వచ్చేసింది. కొత్త ఓడకి, అందులోనూ సెలవుల్లో, గిరాకీ ఎక్కువ, టికెట్టూ ఎక్కువే. పైగా అది మయామీ నుంచి కరీబియన్ దీవులకు వెళ్తుంది. అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు హరికేన్ల కాలం. తుపాను వస్తే ఓడ దారి మార్చుకుని తప్పించుకుంటుంది, భయపడాల్సింది లేదు గానీ, చూద్దామనుకున్న దీవి బదులు ఇంకేదో చూపిస్తారు. పెద్దదాని పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాత ఓడలో ఒక్క స్లైడన్నా ఉంటుందా అమ్మా?" అంది. ఉంటుందని వెతికి చూపించాను. ఆ మొహం చూశాక, ఎంత చవకైనా స్లైడు లేని ఓడని లిస్టులోంచి కొట్టేశాను.

అలాస్కా కూడా చూశాం. ముఖ్యంగా మే నుంచి సెప్టెంబర్ వరకు సీజను, హిమానీనదాలు, తిమింగలాలు. కానీ అక్కడ చూడాల్సినవి చాలావరకు పడవలోనో హెలికాప్టర్లోనో వెళ్లి చూసేవి, వాటికి విడిగా డబ్బు కట్టాలి. పిల్లలు పెద్దయ్యాక వెళ్దామని మావారు అన్నారు. నాకూ అదే సరైందనిపించింది.

చిన్నోడి సంగతి దగ్గరే ఎక్కువ రోజులు ఆగిపోయాం. సెలవులనాటికి వాడికి రెండున్నరేళ్లు. పిల్లల క్లబ్ ఉచితం అని చాలా ఓడలు చెబుతాయి. చాలావాటిలో మూడేళ్లు నిండాలి, డయపర్ మానేసి ఉండాలి. ఆ కింద వయసు పిల్లల్ని చూసుకునేది నర్సరీ, దానికి గంటకింత అని తీసుకునే కంపెనీలే ఎక్కువ. ఇంకో సంగతి నేను అసలు ఊహించలేదు. డయపర్ మానని పిల్లల్ని మామూలుగా ఓడ పూల్‌లోకి దించనివ్వరు, ఈత కోసమని అమ్మే డయపర్ వేసినా సరే. నీళ్లు పాడై అందరికీ జబ్బులు వస్తాయని ఆ నియమం. న్యాయమైనదే. కొన్ని ఓడల్లో మాత్రం పసిపిల్లల కోసం విడిగా నీళ్లాట చోటు కడతారు, అక్కడ డయపర్‌తో ఆడుకోవచ్చు. ఇది ముందు తెలియకపోయి ఉంటే, ఎండలో అక్కని నీళ్లలో చూస్తూ వాడు గట్టున ఏడుస్తుంటే నాకెలా ఉండేదో! ఆ చోటున్న ఓడలే ఉంచి మిగతావి తీసేశాం. చివరికి మధ్యధరా సముద్రంలో తిరిగే మూడు మిగిలాయి.

మధ్యాహ్నం ఇద్దరం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాం. పైకి కనిపించే ధర ఒక క్యాబిన్లో ఇద్దరికి లెక్కేసి, తలకింత అని రాసింది. మూడో మనిషికి, నాలుగో మనిషికి మామూలుగా తగ్గుతుంది. "పిల్లలకు ఉచితం" అన్నచోట కూడా రేవు పన్నులు పిల్లలకీ పడతాయి. ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్స్ రోజుకి తలకింత. నలుగురం, ఏడు రాత్రులు, అంటే ఆ చిన్న మొత్తం 28 సార్లు కట్టాలి. పసిపిల్లలకి టిప్స్ వదిలేసే కంపెనీలు కొన్ని ఉన్నాయి, అది అడిగి తెలుసుకోవాలి. ఇవన్నీ కలిపితే, ముందు చవక అనుకున్న ఓడ మూడో స్థానానికి వెళ్లిపోయింది! పిల్లలతో వెళ్లేవాళ్లు నలుగురి మొత్తం చూడకుండా అడ్వాన్స్ కట్టొద్దని నేనైతే గట్టిగా చెబుతాను. ఫోన్లు మాత్రం ఓడ ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయాలి. సముద్రం మీద ఓడ నెట్‌వర్క్ పట్టుకుంటే బిల్లు మోగిపోతుంది.

పశ్చిమ మధ్యధరా దారిలో ఓడ ఆగే ఊళ్లు చూస్తుంటే మావారికి ఒక సంగతి తట్టింది. రోమ్ అని రాసి ఉన్నచోట ఓడ ఆగేది చివిటావెక్కియా అనే రేవులో. అక్కణ్నుంచి రోమ్ 80 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో, మళ్లీ దాదాపు 90 కిలోమీటర్లు. చిన్నోడు నిద్రపోయే వేళకి మేం రైల్లోనో బస్సులోనో ఉంటాం, నలుగురికీ టికెట్లు. జెనోవా అలా కాదు. రేవు దిగి నడుచుకుంటూ పాత రేవు ప్రాంతానికి వెళ్లొచ్చు, అక్కడే 1992లో తెరిచిన పెద్ద అక్వేరియం ఉంది. నేపుల్స్‌లో అయితే ఓడ దిగగానే ఎదురుగా కోట. అందుకే రోమ్ ఉన్న దారి వదిలేసి, జెనోవా, నేపుల్స్ ఉన్నది ఎంచుకున్నాం. రోమ్ చూడలేనందుకు నాకు బాధగానే ఉంది. కానీ సొరచేప ముందు చిన్నోణ్ని ఎత్తుకుని ఎంతసేపైనా నిలబడొచ్చు, మళ్లీ ఓడకి ఆలస్యమవుతుందన్న టెన్షన్ లేకుండా.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. "పసివాడితో సముద్రం మీదకేమిటే" అంది. అమ్మ మనసులో ఉన్నది 2012 జనవరిలో ఇటలీ దగ్గర రాతికి గుద్దుకుని ఒరిగిపోయిన కోస్టా కంకార్డియా. ఆ రోజే ఓడ ఎక్కిన చాలామందికి అప్పటికింకా ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే డ్రిల్ జరగలేదు. తర్వాత నియమం మారింది, ఇప్పుడు బయల్దేరేలోపో బయల్దేరిన వెంటనేనో డ్రిల్ చేయించి తీరాలి. పిల్లల కొలతకి సరిపోయే లైఫ్ జాకెట్లు ఉంటాయని, ఎక్కగానే వాడి జాకెట్ ఎక్కడుందో చూసుకుంటానని చెప్పాను. "చెయ్యి మాత్రం వదలకు" అంది. వదలను అమ్మా.

రాత్రి భోజనాలయ్యాక ఖాయం చేసుకున్నాం. స్లైడు, పసిపిల్లల నీళ్లాట రెండూ ఉన్న పాత ఓడ, జూన్ మొదటి వారం. అదే క్యాబిన్ ఆగస్టులో బాగా ఎక్కువ చెబుతున్నారు. ఓడ మధ్యలో, కింది డెక్కులో క్యాబిన్ అడగాలి, అక్కడ ఊపు తక్కువ తెలుస్తుంది. ఓడ బయల్దేరే ఊరికి ఒకరోజు ముందే చేరిపోవాలి. విమానం ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు.

రేపు పొద్దున్న ఫోన్ చేసి అడగాల్సినవి మూడు. చిన్నోడికి టిప్స్ పడతాయా? సోఫా పక్కన ఊయల మంచం వేస్తే నడిచే దారి మిగులుతుందా? చివరి వాయిదా కట్టేలోపు ధర తగ్గితే ఆ తగ్గింపు మాకూ ఇస్తారా? వాడి పాస్‌పోర్టు గడువు కూడా చూశాను, ప్రయాణం నాటికి ఆరు నెలలు మిగలట్లేదు. ముందు దానికే అప్లై చేయాలి.