తిరువాన్మియూరు బావి

సూళ్లూరుపేట నుంచి చెన్నై వెళ్లే లోకల్ రైలు మీంజూరులో ఆగింది. ఎదుటి సీటులోని పెద్దావిడ కిటికీలోంచి చేయి చూపించి, "మా పొలం బావి అటే నాయనా. ఉప్పెక్కి ముప్పై ఏళ్లు దాటింది. వరి మానేశాం" అన్నారు. మోటార్లతో తెగ తోడేయడంతో ఆ ప్రాంతంలో సముద్రపు నీరు భూమిలోకి చొచ్చుకొచ్చిందని చదివాను. బావి పోగొట్టుకున్న మనిషి నోట వినడం వేరు. నేను వెళ్తున్నదీ ఒక బావిని చూడడానికే.

అది చెన్నైలో సముద్రం పక్కనే ఉన్న తిరువాన్మియూరులో, మా మామయ్య ఇంటి పెరట్లో ఉంది. రాత్రిళ్లు అలల హోరు వినిపిస్తుంది. మామయ్య జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. సముద్రపుటొడ్డు గుహల జీవుల గురించి నేను ఫోనులో పదే పదే అడుగుతుంటే, "ముందు మా బావి దగ్గరికి రారా" అన్నారు.

ఆ గుహలు సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడ్డవి. మంచుయుగంలో సముద్రం దిగువన ఉన్నప్పుడు పొడిగా ఉండి, తర్వాత మునిగిపోయాయి. లోపల పైన మంచినీరు, కింద ఉప్పునీరు. బహామా దీవుల్లోని అలాంటి గుహలో దొరికిన ఒక జీవిని జిల్ యేగర్ 1981లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. రెమిపీడ్ అంటారు. వేలి కణుపంత ఒళ్లు, జెర్రికి ఉన్నట్టు వరుసగా కాళ్లు. కళ్లు లేవు, రంగు లేదు, వెల్లకిలా ఈదుతుంది. రొయ్యలు, పీతల కుదురులోదే అయినా జన్యువులను బట్టి కీటకాలకు దగ్గరి చుట్టం. మెక్సికో గుహల్లోని ఒక జాతికి విషం ఉందని 2013లో తేలింది. చీకట్లో, ప్రాణవాయువు అంతంతమాత్రంగా ఉండే ఉప్పునీటిలో వేటాడి బతుకుతుంది!

మామయ్య ఒక సీసాకు రాయి కట్టి, బిరడాకు వేరే దారం తగిలించి బావిలోకి దించారు. అడుగు తగిలాక దారం లాగితే బుడబుడమని గాలి పైకొచ్చింది. ఆ నీళ్లూ, చేదతో తోడిన పైనీళ్లూ చెరో గుక్క నోట్లో పోసుకున్నాను. పైవి కమ్మగా ఉన్నాయి. అడుగువి నాలుకకు ఉప్పగా తగిలాయి.

"మంచినీరు తేలిక, ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, కింద దాదాపు 40 మీటర్ల దాకా అదే ఉంటుంది. పైన మీటరు తగ్గిందా, అడుగున అంతా పోయినట్టే" అన్నారు. 2003లో ఇళ్లకు వాననీటి సేకరణ తప్పనిసరి చేసినప్పుడు ఆయన డాబా మీది నీళ్లన్నీ ఈ బావిలోకే మళ్లించారు. అత్తయ్య ఈ నీళ్లతోనే పప్పు ఉడికిస్తారు.

తర్వాత పైనీళ్లను పాత చీర ముక్కలో వడకట్టి, చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. సైక్లోప్స్! రొయ్యల కుదురులోదే, బుల్లి జీవి. నుదుటి మధ్య ఒకే ఒక ఎర్రటి కన్ను. తోకకు అటూ ఇటూ రెండు గుడ్ల సంచులు, కావడి మోస్తున్నట్టు. ఒక్క ఉదుటున ఎగిరి చూపు నుంచి తప్పుకుంది. వెనకటికి నారికురుపు పురుగు వీటి ఒంట్లో చేరి మనిషి కడుపులోకి వచ్చేది. నీళ్లు గుడ్డలో వడకట్టి తాగమని ఊరూరా చెప్పింది అందుకే. మన దేశానికి ఆ పీడ వదిలిందని 2000లో ప్రకటించారు.

ఇక్కడ ఒంటికన్ను, అక్కడ ఆ కన్నూ లేదు. ఎంతసేపు చూశానో తెలియదు. గాజు పలక మీది చుక్క ఆరిపోతుందని మామయ్య తొందరపెట్టారు. దాన్ని చేదలోని నీటిలో కడిగి, చేదను చప్పుడు కాకుండా బావిలోకి దించాను.