వాలిన బండి

రేణిగుంట రోడ్డులో నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న లగ్జరీ ఎస్‌యూవీ ఒక ఉదయం ముందు ఎడమ మూలకు వాలిపోయి, కాలు మడిచి పడుకున్న ఎద్దులా కనిపించింది. స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండిని నిలబెట్టే ఎయిర్ సస్పెన్షన్‌లోని రబ్బరు సంచి ముడతల దగ్గర పగిలి గాలి వదులుతోందనీ, ఆ లోటు పూడ్చడానికి అదే పనిగా తిరిగి, గాలి నింపే కంప్రెసర్ కూడా పాడయ్యే దశకు వచ్చిందనీ మెకానిక్ సబ్బు నీళ్లు పోసి, బుడగలు చూపించి మరీ చెప్పాడు. ‘ఘాట్ రోడ్డు ఎక్కే బండి సార్’ అని అమ్మినవాడు అన్నది నిజమే, ఎక్కింది!

రీకాల్, అంటే తయారీ లోపమున్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి తన ఖర్చుతో సరిచేయడం, మాత్రం పాత యజమానితో పోదు, బండి వెంటే వస్తుంది. జపాన్ కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో గాలిసంచిని ఉబ్బించే రసాయనం అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చెడిపోయి, దాన్ని నింపిన ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బా పగిలి లోహపు ముక్కలు చిమ్మే ప్రమాదం ఉన్నందునే కోట్లాది కార్లను వెనక్కి పిలిచారు. తిరుపతి ఎండ ఎరిగినవాడిని కనుక వెంటనే 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో వెతికాను. నా బండికి ఆ రీకాల్ లేదు. కంప్రెసర్ ఖర్చు మాత్రం నాదే.